క్యాన్సిలా, రిటర్నా

పోయిన శుక్రవారం మధ్యాహ్నం శేఖర్ అనే మనిషి భార్యను వెంటబెట్టుకుని మస్కట్‌లో, అజైబాలోని మా ఫ్లాటుకు వచ్చాడు. నిర్మల్ వైపు వాడు, మా ఆయనకు తెలిసినవాళ్లకు తెలిసినవాడు. ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో ఏసీల పని చూస్తాడు. ఏళ్ల తరబడి పది మందితో ఒక రూములో ఉండి, ఫ్యామిలీ వీసా దొరికాక భార్యనూ కూతురినీ తెచ్చుకున్నాడు. కూతురు శ్రావణికి ఈ మధ్యే ప్లస్ టూ అయిపోయింది. మార్కులు అంతంతమాత్రం. హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి పెట్టాడట అతని బావమరిది. అయితే ఇక్కడే రెండేళ్ల డిప్లొమా కాలేజీలో చేరి, తర్వాత మూడో ఏడు నేరుగా యూనివర్సిటీలో చేరొచ్చని ఎవరో అతని చెవిన వేశారు. మీరు అట్లనే చదివిండ్రట గదా అక్కా అని అడిగాడు. అవునన్నాను. టీ కప్పులోకి కాసేపు చూసి, "కని అది చిన్న కాలేజీ గదా," అన్నాడు.

ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. ఇంటికొచ్చిన మనిషి కదా అని ఓర్చుకున్నాను. ఫీజు తక్కువ, క్లాసులో మనుషులు తక్కువ, పిల్ల తడబడితే పట్టుకుని నిలబెట్టే టీచరుకు తీరిక ఉంటుంది, ఒక పేపరు పోతే లోకం మునిగిపోదు, రెండేళ్ల చదువు వృథా కాదు, మూడో ఏట లెక్కలోకి వస్తుంది అని ఒక్కొక్కటే చెప్పాను. అతను అన్నింటికీ తల ఊపాడు. తల ఊపే మనిషిని నమ్మకూడదని నాకు చాలా కాలం కిందటే తెలుసు, ఎందుకంటే నా చిన్నతనమంతా నేను చేసిన పని అదే. శ్రావణిని ఎందుకు తీసుకురాలేదని అడిగాను. పెద్దవాళ్ల ముచ్చట్లలో పిల్లలెందుకని అతని భార్య నెమ్మదిగా అంది.

వాళ్లు వెళ్లిపోయారు గానీ నన్నొక చోటికి లాక్కెళ్లి వదిలేసి వెళ్లారు. నేను పనిచేసేది కాంక్రీటు పరీక్షలు చేసే ల్యాబులో. సైట్ల నుంచి వచ్చిన దిమ్మలను యంత్రంలో పెట్టి, ఎంత బరువుకు పగులుతాయో చూడటం నా డ్యూటీ. ఈ వారమంతా దిమ్మ పగిలిన చప్పుడు విన్నప్పుడల్లా ఒమన్‌లోనే ఉత్తరాన ఉన్న సహం అనే ఊళ్లోని మా పాత ఇల్లు గుర్తుకొచ్చింది. ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే నేను ఆ చిన్న కాలేజీ పేరే ముందు చెబుతాను, యూనివర్సిటీ పేరు తర్వాత. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ కాలేజీలో నా మొదటి టర్ము మా ఇంటిల్లిపాదికీ ఎట్లా గడిచిందో ఆయనకు సగమే తెలుసు.

సహంలో మా ఇల్లు పశువుల దాణా, చేపల వలలు అమ్మే ఒక దుకాణం పైన ఉండేది. సముద్రం దగ్గరే. చలికాలంలో జాలర్లు కవళ్లనే చిన్న చేపలను ఇసుక మీద ఎండబెట్టేవారు. ఆ వాసన దిండు గలీబుల్లోకి కూడా దూరేది. గురువారం సాయంత్రాలు ఇంటి యజమాని భార్య కింద ధూపం వేసేది. మా మెట్ల మీద ఎండుచేపలూ సాంబ్రాణీ జుట్లు పట్టుకుంటున్నాయని అమ్మ విసుక్కునేది. అమ్మ జొన్నపిండి ఊరి నుంచి సూట్‌కేసుల్లో తెచ్చుకునేది. దాన్ని డబ్బాల్లో పోసి, ఒక్కో డబ్బా ఖాళీ అయినప్పుడల్లా వెకేషన్ దగ్గరపడిందని లెక్క చూసుకునేది. బాపు బిల్డింగులు కట్టే సైట్‌లో వేసుకునే బట్టలకు వేరే బకెట్టు ఉండేది. అందులోని నీళ్లు ఎప్పుడూ బూడిదరంగులోనే ఉండేవి. వేసవిలో మధ్యాహ్నం పని ఆపేసే గంటల్లో బాపు ఇంటికొచ్చి ఏసీ కింద నేల మీద వెల్లకిలా పడుకునేవాడు. అప్పుడు ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు.

నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా బాపు అంటే రెండేళ్లకోసారి జగిత్యాల దగ్గరి మా ఊరికి వచ్చి, రెండు నెలలు ఉండి, మళ్లీ వెళ్లిపోయే ఒక కొత్త మనిషి. వచ్చినప్పుడు అమ్మ కొంగు వెనక దాక్కునేదాన్ని. అలవాటయ్యే వేళకు ఆయన బ్యాగు సర్దుకునేవాడు. తర్వాత ఆయన ఫోర్‌మెన్ అయ్యాడు, ఫ్యామిలీ వీసా వచ్చింది, మేం సహం వచ్చాం. వచ్చిన కొత్తలో బాపుకు సొంత ఇంట్లో ఉండటం చేతకాలేదు. రూముల్లో అన్నేళ్లు ఉన్నాడు కదా, స్నానమయ్యాక సబ్బు డబ్బాను చేత్తో పట్టుకొచ్చి మంచం కింద పెట్టుకునేవాడు. బాత్‌రూములో వదిలితే ఎవరో వాడేస్తారన్న భయం. పొద్దున లేవగానే పరుపు చుట్టేసేవాడు. తలుపు కొట్టి, అమ్మ రమ్మనేదాకా బయటే నిలబడేవాడు. ఇదీ నీ ఇల్లేనని ఆయనకు నేర్పడానికి అమ్మకు ఏడాది పట్టింది. నాకు ఆయనతో నేరుగా మాట్లాడటానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

మెల్లగా శుక్రవారాలు నన్ను సైట్‌కు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. పని ఆగిపోయిన సైట్ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పలేను. కొత్త గోడ వెంట వేళ్లు రాస్తూ నడిచేవాడు, నన్నూ అట్లాగే నడవమనేవాడు. ఎక్కడ ఎత్తుగా తగిలిందో, ఎక్కడ గుంటగా తగిలిందో చెప్పమనేవాడు. నేను సరిగ్గా చెబితే మెచ్చుకునేవాడు కాదు, తర్వాతి గోడ దగ్గరికి నడిచేవాడు. నాకు అదే పెద్ద మెప్పు. దుకాణాల్లోకి వెళ్లినా, ఎవరి ఇంటికి వెళ్లినా ఆయన చేయి గోడ మీదికి పోయేది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. పదిహేడేళ్లు వచ్చేసరికి ఆయన నాకు తండ్రి అయ్యాడు. సరిగ్గా అప్పుడే ఇండియన్ స్కూలులో నా ప్లస్ టూ అయిపోయింది.

గల్ఫ్‌లో మనవాళ్లలో ఎవరూ రాయని కట్టుబాటు ఒకటుంది. పిల్లల స్కూలు అయిపోగానే తల్లీ పిల్లలూ చదువుల పేరు మీద ఇండియా వెళ్లిపోతారు. తండ్రి మళ్లీ రూముకు వెళతాడు, పది మందిలో ఒక మంచం, ఒక అల్మరా అర. దాన్ని ఎవరూ విడిపోవడం అనరు. అందరూ చేసేదే కాబట్టి దాని గురించి ఏడవడం కూడా అతిగా కనిపిస్తుంది. నా విషయంలోనూ అంతే జరిగింది. మేనమామ హైదరాబాద్‌లో ఒక సీటు చూశాడు. అమ్మా నేనూ అక్కడ చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉండాలి. ఒకనాడు అన్నం తింటూ బాపు ఆ సంగతి చెప్పి, సైట్‌లో పనిచేసే మల్లేశ్ వాళ్ల రూములో ఒక మంచం ఖాళీ అవుతుందట, మాట్లాడానన్నాడు. అమ్మ పప్పు గిన్నె ఆయన వైపు జరిపింది. ఇద్దరిలో ఎవరూ తల ఎత్తలేదు. సీటు నాకు అక్కర్లేదు. ఆ మనిషిని అంత కష్టపడి సంపాదించుకున్నాను, ఇప్పుడు వదులుకోవాలా అని ఒకటే దిగులు.

పక్క ఫ్లాటులో నూర్జహాన్ ఆపా ఉండేది. కడప వాళ్లు. భర్త ట్యాంకరు డ్రైవరు. అమ్మకూ ఆవిడకూ రోజూ పొద్దున పదింటికి మెట్ల మీద కూర్చుని కూరలు తరగడం అలవాటు. ఇంట్లో దక్కనీ, మాతో కడప తెలుగు. మా సంగతి విని ఆపా కత్తిపీట పక్కన పెట్టేసి అమ్మ వైపు తిరిగింది. "యాందుకు లక్ష్మీ అంత దూరం పొయ్యేది? ఈడ సోహార్ దారిలోనే ఉండాది కదా రెండేండ్ల కాలేజీ. వ్యాను మన వీధిలోకే వస్తాది. సదువు వస్తే ఆణ్నించి పైకి పోతాది, రాకుంటే అప్పుడు ఎక్కండి విమానం," అంది. ఆ మాట విన్న క్షణం నుంచి నేను ఆపాను వదల్లేదు. ఆవిడే వాళ్లాయనకు చెప్పి, ఆయన చేత బాపుకు చెప్పించింది.

బాపు ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఒమన్‌లో ఉండి పిల్లను ఊరూ పేరూ లేని కాలేజీలో వేశాడని ఊళ్లో నవ్వుతారన్నాడు. నా లెక్కల మార్కులు గుర్తు చేశాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. ఆయన వెకేషన్ మొదటి టర్ము అయిపోగానే వస్తుంది. కంపెనీ మా ముగ్గురికీ టికెట్లు ఇస్తుంది. ఆలోపు ఒక్క పేపరు కూడా పోకూడదు. పోతే మా ఇద్దరి టికెట్లూ వన్ వే, వీసాలు క్యాన్సిల్. క్యాన్సిలైన ఫ్యామిలీ వీసా మళ్లీ దొరకాలంటే ఎన్నేళ్లు పడుతుందో, అసలు దొరుకుతుందో లేదో ఎవరికీ తెలియదు.

కాలేజీ ఒక టైర్ల దుకాణం వెనక రెండంతస్తుల భవనం. వ్యాను ఆగగానే బాపు కూడా దిగాడు, మొదటి రోజు కదా. లోపలికి రాకుండా బయటి గోడను ఒకసారి తడిమి, "ప్లాస్టరింగ్ మంచిగనే ఉన్నది," అని వెళ్లిపోయాడు. నా క్లాసులో పది మంది కూడా లేరు. ఒకే వరసలో కుర్చీలు వేసి ఉన్నాయి. వెనక బెంచీ అనేది లేదు. నా పక్కన సలీమా అని నలుగురు పిల్లల తల్లి, స్కూలు వదిలేసిన చాలా ఏళ్లకు మళ్లీ చదువుకు వచ్చింది. సంచిలో ఖహ్వా కాఫీ ఫ్లాస్కూ ఖర్జూరాలూ తెచ్చేది, బ్రేకులో నా అరచేతిలో పెట్టి తినేదాకా చూసేది. ఓడరేవులో షిఫ్టు చేసి నేరుగా వచ్చి, పెదవులు కదుపుతూ నోట్సు రాసుకునే ఒకాయన ఉండేవాడు. ఇండియన్ స్కూలులో నేను చూసిన చదువు వేరు, అక్కడ ముందు వరస పిల్లలతో పాఠం జరిగేది, మిగతా మేం ఫర్నిచరు.

లెక్కల మాస్టారు ఇద్రీస్, సూడాన్ ఆయన. పొడుగాటి మనిషి, మెత్తటి గొంతు, ఏ మాటా తొందరగా అనడు. మొదటి వారం ఏదో చెప్పి అర్థమైందా అని నన్ను అడిగాడు. స్కూలులో పన్నెండేళ్లు చేసినట్టే తల ఊపాను. అయితే రా, బోర్డు మీద చెయ్యి అని చాక్‌పీసు ఇచ్చాడు. నేను బోర్డు ముందు నిలబడ్డాను. ఏమీ రాలేదు. ఆయన తిట్టలేదు, నా కుర్చీలో వెళ్లి కూర్చున్నాడు. ఎంతసేపయినా కూర్చునేలా ఉన్నాడు. సలీమా, తనకూ రాదని వెనక నుంచి చెప్పింది. నాకు కన్నీళ్లు వచ్చాయి. తెలియదని ఇంగ్లీషులో గొణిగాను. ఆయన లేచి, ఎక్కడి నుంచి తెలియదో అక్కడి నుంచి మొదలుపెడదామని అంటూ భిన్నాల దగ్గరికి వెళ్లాడు. భిన్నాలు! ప్లస్ టూ పాసైన పిల్లకు. సిగ్గేసింది, కానీ ఆ సాయంత్రం వ్యానులో కూర్చుంటే ఊపిరి ఆడినట్టు అనిపించింది.

అదేదో కథల్లోలా నేను వెంటనే తెలివైనదాన్ని అయిపోలేదు. ఇంగ్లీషు బాగుండేది, డ్రాయింగు బాగుండేది, మట్టి గురించీ ఇసుక గురించీ చెప్పే పేపరు నాకు బాపు ముందే నేర్పినట్టుండేది. లెక్కలు మాత్రం ఒక రోజు వచ్చేవి, ఒక రోజు రావు. టర్ము మధ్యలో పెట్టిన పరీక్షలో అన్నీ నెగ్గి లెక్కల్లో పాసు మార్కు అంచు మీద ఆగిపోయాను. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. మరుసటి వారం నుంచి మా ఇంట్లో సామాను బుక్ కావడం మొదలైంది.

ఇది గల్ఫ్‌లో ఉన్నవాళ్లకే తెలిసిన పద్ధతి. ఒక కుటుంబం వెళ్లిపోతోందని గుప్పుమంటే చాలు, చుట్టుపక్కల వాళ్లు వచ్చి వస్తువులు బుక్ చేసుకుంటారు. అది మర్యాద తక్కువ పనేమీ కాదు. వెళ్లేవాళ్లకు సామాను వదిలించుకునే బాధ తప్పుతుంది, ఉండేవాళ్లకు అవసరం తీరుతుంది. మేం వెళతామని ఇంకా ఖాయం కాలేదు. కానీ బాపు మల్లేశ్‌తో మంచం మాట్లాడాడు కదా, అది చాలు. ఫ్రిజ్ మల్లేశ్ రూము వాళ్లది. వాషింగ్ మెషిన్ దాణా దుకాణం వాడిది. అమ్మ మిక్సీని ఇంకో బిల్డింగులో ఉండే నర్సు అడిగింది. నేను వంటింటి నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే మల్లేశ్ టేపు తెచ్చి నా తల మీదుగా ఫ్రిజ్ ఎత్తు కొలిచాడు. "సదువుకో సదువుకో చెల్లే, నీకు అడ్డం రాను," అన్నాడు పాపం, ఎంతో ప్రేమగా. వచ్చిన ప్రతివాడూ నన్ను బాగా చదువుకోమనే చెప్పాడు. నేను ఫెయిలవుతానని మా వీధి మొత్తానికీ ఖాయంగా తెలిసిపోయినట్టుంది.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ జొన్నపిండి చివరి డబ్బా తీసింది. ఎవరి మీద కోపమో తెలియదు గానీ రొట్టెలు దబదబా కొట్టేది. బాపు సాయంత్రం వచ్చి టీ తాగుతూ నన్ను సైట్ ముచ్చట్లు అడగనిచ్చేవాడు కాదు, పుస్తకం తీయమనేవాడు. నాకు ఆయన పక్కన కూర్చోవాలని ఉండేది. కూర్చుంటే చదువు పోతుంది, చదువు పోతే ఆయనే పోతాడు. ఆ చిక్కు ఎవరికి చెప్పుకోను? ఆపాకు చెప్పాను. ఆవిడ నా జడ అల్లుతూ, తన వంట సామాను కూడా ఒకరు అడిగారనీ, వాళ్లను మెట్ల మీది నుంచే తిప్పి పంపాననీ చెప్పింది. నిన్ను మాత్రం నేను ఎవరికీ బుక్ చేయనివ్వనంది. నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను.

పరీక్షలు అయ్యాయి. లెక్కల పేపరులో రాసినవి ఒప్పో తప్పో నాకే తెలియలేదు. ఫలితాలు రావడానికి ఇంకా రెండు వారాలు పడుతుందన్నారు. మా ప్రయాణం అంతకంటే ముందే. అప్పుడు పడింది అసలు ముడి. పాస్‌పోర్టులూ వీసాలూ చూసే మందూబ్ ఒకాయన కంపెనీలో ఉండేవాడు, మంచి మనిషే. ఆయనకు శనివారం పొద్దునకల్లా మాట చెప్పాలి, భార్యా కూతుళ్ల టికెట్లు వన్ వేనా, రెండు వైపులా? వీసాలు క్యాన్సిలా, అట్లాగే ఉంచడమా? ఒకసారి కాగితం లోపలికి వెళ్లాక ఆయన చేతుల్లో కూడా ఉండదు. షరతు పెట్టినప్పుడు ఫలితం తెలిసే వేళకు మేం ఊళ్లో ఉంటామన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బాపు చేతులు కడుక్కొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ గిన్నెలు కడగడం ఆపేసింది. కింద దుకాణంలో ఎవరో దాణా బస్తాలు దించుతున్న చప్పుడు. "బిడ్డా, లెక్కలు పాసైతవా?" అని అడిగాడు. అవును అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట కోసమే ఆయన అడిగాడని నాకు తెలుసు. తల ఊపినా చాలు, నాకు అలవాటైన పనే అది. కానీ నాలుగు నెలలుగా ఇద్రీస్ మాస్టారి ముందు ఆ పని మానేశాను, ఇప్పుడు చేయబోతే మెడ కదల్లేదు. "ఎరుకలేదు బాపూ," అన్నాను. "తక్కినయన్నీ అయితయ్. లెక్కలు మాత్రం సగం కరెక్టు, సగం ఎట్లున్నదో నాకే తెల్వది."

అమ్మకు ఎంత కోపం వచ్చిందో అంతకు ముందూ తర్వాతా నేను చూడలేదు. "అయితనని ఒక్క మాటంటె నీ నోరు పోతుండెనా?" అంటూ తడి చేతులతోనే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బాపు చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. సముద్రం వైపు నడుచుకుంటూ పోవడం కిటికీలోంచి చూశాను. నా చేతులతో నేనే ఇంటిని పడగొట్టుకున్నానని అనిపించింది. సాయంత్రం మల్లేశ్ వాళ్లూ దాణా దుకాణం వాడూ వచ్చి, ముందుగా మాట్లాడుకున్నట్టే ఫ్రిజ్‌నూ వాషింగ్ మెషిన్‌నూ దించుకెళ్లారు. బాపు అడ్డు చెప్పలేదు, పైగా మెట్ల మీద ఒక చెయ్యి తానూ పట్టాడు. అడ్డు చెప్పకపోవడం చూశాక ఇక నాకు అడగడానికి ఏమీ మిగల్లేదు.

శనివారం బాపు డ్యూటీ నుంచి ఎప్పటి వేళకే వచ్చాడు. బట్టలు బకెట్టులో వేశాడు, స్నానం చేశాడు, టీ అడిగాడు. టీ సగం తాగాక అమ్మతో, మందూబ్‌కు చెప్పేసి వచ్చానన్నాడు. ఏమని చెప్పావని అమ్మ అడగలేదు. ఆయనే చెప్పాడు. "రిటర్న్ రాయిమన్న, మీ ఇద్దరికి." అమ్మ ఆయన వైపు తిరిగింది. పాసవుతానని పిల్ల చెప్పలేదు కదా అన్నట్టు నా వైపు చూసింది. బాపు కప్పు కింద పెట్టాడు. "సెంట్రింగ్ మీదికి ఎక్కుతవారా అని కొత్తోన్ని అడుగుత. నాకంత ఎరికేనన్నోడు ఎక్కితె నాకు గుండె దడ. నాకెరుకలేదు, సూపెట్టన్నా అన్నోన్ని ఎక్కిస్త. వాడు పడడు. పడ్డా చెయ్యి అందుకుంటడు," అన్నాడు. తర్వాత నన్ను చూడకుండానే, "బిడ్డను ఆడనే సదువనీయ్," అన్నాడు. అమ్మ అక్కడే నేల మీద చతికిలబడి, మరి ఫ్రిజ్ ఎందుకు ఇచ్చావయ్యా అని నెత్తి కొట్టుకుంది. ఇచ్చిన మాట ఎట్లా తప్పుతామని బాపు అన్నాడు. ఆయన లోకంలో ఆ రెండు మాటలకూ గొడవేమీ లేదు.

ఊళ్లో ఉండగా కాలేజీకి ఫోన్ చేశాం. లెక్కల్లో పోయాను. కొద్దిలో, కానీ పోవడం పోవడమే. ఎస్‌టీడీ బూత్‌లో రిసీవరు పట్టుకుని బిక్కచచ్చిపోయాను. బయట బాపు మేనమామతో మాట్లాడుతూ నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ సీటు ఇంకా ఉందని మామ ఆ పొద్దునే గుర్తు చేశాడు. నేను బయటికొచ్చి చెప్పాను. మామ ఏదో అనబోయాడు. బాపు, మళ్లీ రాయనిస్తారా అని అడిగాడు. వచ్చే నెలలో ఆ ఒక్క పేపరే మళ్లీ రాయొచ్చు, మాస్టారు నేను వచ్చాక కూర్చోబెట్టి చెప్తానన్నాడట అని చెప్పాను. "మరింక ఏడుసుడేంది? నడు," అన్నాడు. ఆయన పెట్టిన షరతు గురించి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ పేపరు రెండోసారి రాసి నెగ్గాను. ఫ్రిజ్ లేని ఇంట్లో, బట్టలు చేత్తో ఉతుక్కుంటూ, కూర ఆపా వాళ్ల ఫ్రిజ్‌లో దాచుకుంటూ ఒక ఎండాకాలం గడిపాం. బిచ్చగాళ్లలా ఉన్నామని అమ్మ సణిగేది గానీ ఆ వేసవిలో ఆవిడ పాడినన్ని పాటలు ఎప్పుడూ పాడలేదు. రెండేళ్లయ్యాక మస్కట్‌లోని ఒక యూనివర్సిటీ నా చదువును లెక్కలోకి తీసుకుని మూడో ఏట చేర్చుకుంది. హాస్టలుకు నేనొక్కదాన్నే వెళ్లాను. అమ్మ ఇండియాకు పోలేదు, సహంలోనే ఉండిపోయింది. బాపు ఆ మంచానికి ఎప్పటికీ పోలేదు. ఉద్యోగం విరమించేదాకా ఆయనను కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే మనిషి ఎదురుగా ఉండేది. గురువారం సాయంత్రం బస్సెక్కి వెళితే నాకు వాళ్లిద్దరూ ఒకే చోట దొరికేవారు.

ఇప్పుడు కాలేజీలు పెద్దవయ్యాయి, దారులన్నీ ఫోన్లోనే కనబడతాయి. శేఖర్ లాంటివాళ్లకు నేను చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు, అన్నీ వాళ్లే చదువుకుని వస్తారు. అయినా సీటు గురించే అడుగుతారు, పేరు గురించే అడుగుతారు. ఆ రెండేళ్లలో పిల్లకు ఏమొస్తుందని అడుగుతారు గానీ ఇంటికి ఏం మిగులుతుందని ఒక్కరూ అడగరు. నేనూ ఆ శుక్రవారం ఫీజు గురించీ మూడో ఏడు గురించీ చెప్పానే తప్ప ఆ మాట చెప్పలేకపోయాను. మొదటిసారి ఇంటికొచ్చిన మనిషి ముందు ఎట్లా చెప్పను?

ఈ పొద్దున శేఖర్ ఫోన్ చేశాడు. హైదరాబాద్‌కే ఖాయం చేసుకున్నామన్నాడు. భార్యా కూతురూ వచ్చే నెల వెళ్లిపోతారు, ఫ్లాటు ఖాళీ చేస్తున్నాడు. గొంతు సవరించుకుని, "అక్కా, అజైబాల మనోళ్ల రూమ్‌ల ఎక్కడన్న బెడ్ స్పేస్ ఉంటె చెప్పుండ్రి," అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వీసాల క్యాన్సిల్‌కు పాస్‌పోర్టులు ఇచ్చేశావా అని అడిగాను. లేదు, ఆదివారం ఇవ్వాలన్నాడు. "అయితే తమ్మీ, బెడ్ నేను చూడను. చూసినా నీకు చెప్పను. నీ బిడ్డకు ఏం కావాలో అడిగినవా?" అన్నాను. పిల్లనేం అడుగుతామన్నాడు. "రూములో మళ్లీ పండుకుంటవా నువ్వు? అది నిన్ను నువ్వన్న అడిగి చూసినవా?" అన్నాను. నా గొంతు పెరిగింది, పెరగనిచ్చాను.

కుక్కరు ఈల, గిన్నెల చప్పుడు, ఎవరో నడుస్తున్న అలికిడి, అతని ఇల్లంతా ఫోన్లో వినిపించింది. "ఆరేండ్లయిందక్కా నేను రూమ్‌ల పండక," అన్నాడు చివరికి. "నిద్ర వడతదో లేదో ఎరుకలేదు." తర్వాత ఫోన్ పెట్టేయకుండానే, గొంతు పక్కకు తిప్పి, "శ్రావణీ," అని పిలిచాడు, "ఇటు రా బిడ్డా, ఒక మాటడగాలె."